భయానక కథల పునర్నిర్మాణము: దక్షవాటిక నుండి బాలనాగమ్మ వరకు

ఒక తరమును భయపెట్టి, తరువాతి తరముల నోట కథగ నిలిచిపోయిన భయానక చలచ్చిత్రమును మరల నిర్మింపవచ్చునా యను ప్రశ్న నేడు తరచుగ వినబడుచున్నది. వలదనువారు పాతదాని గౌరవమును చూపుదురు. వలయుననువారు కొత్త తరమునకు కొత్త రూపము కావలయునందురు. ఉభయపక్షములవారును దీనిని చిత్రపరిశ్రమకు మాత్రమే చెందిన వ్యవహారముగ భావించుచున్నారు. నిజమునకిది మన సాహిత్యమునకు క్రొత్త ప్రశ్న కాదు. తెలిసిన కథను మరల చెప్పుట తెలుగు కావ్యము పుట్టిననాటి నుండి వచ్చిన మార్గమే. భారతమును తెలుగు చేసిన నన్నయ చేసిన పని అదియే. విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షావతారికయందు, ఇందరు చెప్పిన కథను మరల ఏల చెప్పవలెనని తన్ను తానే ప్రశ్నించుకొని సమాధానము చెప్పుకొనినాడు.

అయినను భయానకమునకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కథ తెలిసియున్నంత మాత్రమున శృంగారము చెడదు. కరుణము తెలిసినకొలది గాఢమగును. భయమో, తెలియనిదాని వలన పుట్టునని లోకానుభవము. తలుపు వెనుక ఏమున్నదో ఎరిగినవానికి ఆ తలుపు తెరచునపుడు గుండె కొట్టుకొనదు. అట్లైనచో భయానక కథను రెండవమారు చెప్పుట వ్యర్థము కావలెను. కాని చరిత్ర అట్లు చెప్పుట లేదు. భయంకరములైన కథలే మన దేశమున మరల మరల చెప్పబడినవి. ఈ వైరుధ్యమునకు కారణమేమో విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశము. ఇందులకు ద్రాక్షారామ పరిసరములను ఆధారముగ గైకొనుచున్నాను. దక్షయజ్ఞ విధ్వంసమను మహాభయానక గాథ ఆ నేల నంటుకొనియున్నది. చలచ్చిత్రములలో బాలనాగమ్మ మొదలగు కొన్నింటిని దానితో పోల్చి చూతము.

1. భయానక భేదములు

భరతుడు నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున భయానకరసమునకు భయము స్థాయిభావమని చెప్పి, వికృతమైన ధ్వనులు, భూతదర్శనము, నక్కల గుడ్లగూబల వలని జంకు, శూన్యగృహము, అరణ్యము మొదలగువానిని విభావములుగ పేర్కొనెను. నేటి భయానక చిత్రములలో పాడుబడిన మేడలు, అర్ధరాత్రపు కూతలు ఈ పట్టికనుండి దాటిపోలేదు. అంతకంటె ముఖ్యమైనది భరతుడు చేసిన మరియొక విభాగము. భయానకము మూడు విధములు: వ్యాజము వలన కలుగునది, అపరాధము వలన కలుగునది, విత్రాసితకము. వ్యాజభయము నటింపబడినది గాన అటుంచుదము. మిగిలిన రెండును మనకు ప్రధానములు. విత్రాసితకము బెదరింపు వలన పుట్టును. అకస్మాత్తుగ ఎదుట పడిన దానిని చూచి భీరువు ఉలికిపడును. అపరాధభయము అట్టిది కాదు. తాను చేసిన తప్పునకు ఫలము రానున్నదని ఎరిగినవాని భయమది.

ఈ రెండింటి స్వభావములు పరస్పర విరుద్ధములు. విత్రాసితకమునకు అజ్ఞానము ప్రాణము. అపరాధభయమునకు జ్ఞానమే ప్రాణము. మొదటిది ఒకసారి చూచుటతో సగము చచ్చును. రెండవది కథ తెలిసినకొలది పెరుగును. ఏమగునో ఎరిగిన ప్రేక్షకుడు, ఎరుగని పాత్రను చూచి వణకును.

అభినవగుప్తుడు రసస్వరూపమును వివరించుచు భయమునకే ఉదాహరణ గైకొనుట గమనింపదగినది. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుని రథమునకు ముందు మెడ త్రిప్పి చూచుచు పరుగిడు లేడిని చూపి, ఆ భయము ఆ లేడిది కాక, రాజుది కాక, చూచువాని సొంతమును కాక, దేశకాలముల నతిక్రమించిన భయమై ఆస్వాదింపబడునని చెప్పెను. ఆ శ్లోకము ఎన్నిమారులు చదివినను ఆ లేడి పరుగు ఆగదు. కనుక కథ తెలిసియుండుట రసమునకు అడ్డము కాదు. ఉలికిపాటునకు మాత్రమే అది అడ్డము. పునర్నిర్మాణమును గూర్చిన వాదములలో చాలభాగము ఈ రెండింటిని ఒకటిగ తలచుట వలన పుట్టినవే.

2. దక్షవాటిక

ద్రాక్షారామము రామచంద్రపురమునకు సమీపమున నున్న ప్రాచీన శైవక్షేత్రము. పంచారామములలో ఒకటి. మిగిలినవి అమరారామము, సామర్లకోట యందలి కుమారారామము, పాలకొల్లు క్షీరారామము, భీమవరము గునుపూడి యందలి సోమారామము. ఇచ్చటి భీమేశ్వరాలయమును ప్రథమ చాళుక్య భీముడు (892–921) కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. లింగము మిక్కిలి పొడవైనది. అందుచే ఆలయము రెండంతస్తులుగ నిర్మింపబడినది. పూజ పై అంతస్తున జరుగును. అమ్మవారు మాణిక్యాంబ. అష్టాదశ పీఠములలో ఈ స్థానము చేరినది. ఆలయపు గోడలపైనను స్తంభములపైనను పెక్కు రాజవంశముల శాసనములు కలవు. దక్షిణభారత శాసనముల నాల్గవ సంపుటమున (1923) వీనిలో పెక్కు ప్రకటింపబడినవి.

ఊరి పేరులోని ‘ఆరామ’ శబ్దమును బట్టి పూర్వమిచట బౌద్ధారామము ఉండియుండునని కొందరు చరిత్రకారులు ఊహించిరి. జనశ్రుతి వేరు. ఇది దక్షుడు యజ్ఞము చేసిన తోటయట. దక్షారామమే ద్రాక్షారామమైనదట. శ్రీనాథుడు దక్షవాటికయని వ్యవహరించినది ఈ ఊరినే. ఏ కథ ముందో, ఏ పేరు ముందో తేల్చుట ఇప్పటి పని కాదు. ఒక భయంకర కథ ఒక ఊరిని తన రంగస్థలముగ వరించినదనుట చాలును.

ఆ కథలో భయము ఏ తరగతికి చెందినదో చూడవలెను. భాగవత చతుర్థస్కంధమున వీరభద్రుడు చేసిన దండనములు కలవు. భృగువు మీసములు పెరికివేయబడెను. భగుని కన్నులు పోయెను. పూషుని పండ్లు రాలెను. దక్షుని శిరస్సు తెగి అగ్నిలో పడెను. పైపైన చదువువానికిది బీభత్సపు పట్టిక వలె కనబడును. కాని ప్రతి దండనమునకు వెనుక ఒక లెక్క కలదు. సభలో శివనింద జరుగుచుండగా భృగువు మీసము చూపి నవ్వినవాడు. భగుడు కనుసైగతో నిందకుని ప్రోత్సహించినవాడు. పూషుడు పండ్లు బయటపెట్టి నవ్వినవాడు. ఏ అవయవముతో అపరాధము చేసిరో ఆ అవయవమే పోయినది. తలకెక్కిన దక్షుని గర్వము తలతోడనే పోయినది. ఇది భరతుడు చెప్పిన అపరాధభయమునకు సంపూర్ణోదాహరణము. వీరభద్రుడు ఎక్కడినుండియో అకారణముగ వచ్చిన భూతము కాడు. ఆ సభలో కూర్చున్న పెద్దల మౌనము నుండియు, నవ్వుల నుండియు పుట్టినవాడు.

కథ అంతటితో ముగియలేదు. దక్షునకు మేకతల వచ్చెను. భగుడు మిత్రుని కన్నులతో చూచుననియు, పూషుడు యజమానుని దంతములతో తినుననియు, భృగువునకు మేకగడ్డము కలుగుననియు శివుడు అనుగ్రహించెను. తప్పు మాసిపోలేదు. దాని గుర్తు ముఖమున నిలచియే బ్రతుకు సాగినది. మేకతలతో బ్రతికిన దక్షుడు తల తెగి పడిన దక్షునికంటె ఎక్కువగ మనస్సును కలతపెట్టుననుటకు సందేహము లేదు.

3. గోదావరీతీరమున ఆ కథ పొందిన రూపములు

ఈ కథను తెలుగువారు కావ్యములందే కాక, నేలపైనను మరల మరల నిర్మించుకొనిరి. పోతనకు ఆరోపింపబడిన వీరభద్రవిజయము ఒక రూపము. భాగవతాంధ్రీకరణమున నున్నది మరియొక రూపము. గోదావరి నడుమనున్న పట్టిసమున స్థలపురాణము వేరొక దృశ్యమును చేర్చినది. దక్షుని వధించిన పిదప వీరభద్రుడు తన పట్టిసమను ఆయుధమును అచ్చటి నీటిలో కడిగెనట. కావ్యములు వదలిన ఒక క్షణమును స్థలపురాణము పట్టుకొనినది. వధ ముగిసిన తరువాత ఆయుధము కడుగుకొనుచున్న వాని మనఃస్థితి ఏమి?

ఈ ప్రశ్నకు కోనసీమలోని మురమళ్ళ సమాధానము చెప్పినది. ముమ్మిడివరమునకు సమీపమున గౌతమీతీరమున నున్న ఈ క్షేత్రమున వీరేశ్వరస్వామి భద్రకాళీసమేతుడై వెలసియున్నాడు. యజ్ఞధ్వంసము జరిగిన తరువాతను వీరభద్రుని కోపము చల్లారలేదనియు, లోకము భయపడగా అమ్మవారు భద్రకాళియను కన్యగ ఎదుట నిలువగా ఆతడు శాంతించెననియు, అంతట వారికి గాంధర్వవిధిని వివాహము జరిగెననియు స్థలపురాణము. అందుచే ఆ ఆలయమున స్వామివారికి నిత్యకల్యాణము జరుపుచున్నారు. రౌద్రమున ముగిసిన కథకు శృంగారముతో ముగింపు కూర్చిన పునర్నిర్మాణమిది. కుంతకుడు ప్రబంధవక్రతను చెప్పుచు, మూలకథ యందలి రసమును మార్చి వేరొక రసముతో నిర్వహించుట కవిప్రతిభకు గుర్తని గ్రహించెను. మురమళ్ళ స్థలపురాణమును కల్పించిన అజ్ఞాతవ్యక్తులు కుంతకుని చదివియుండరు. కాని ఆతడు చెప్పిన పనినే చేసిరి.

ఇక ఆచారరూపము. గోదావరి మండలములందు కొన్ని కుటుంబములలో వీరభద్ర సంబరములు జరుపు సంప్రదాయము కలదు. శరభ ఘోషలు, వాద్యములు, ఖడ్గములను పేర ప్రసిద్ధమైన లయాత్మక వచనముల పఠనము, నారసములు పొడుచుకొనుట అందు కనబడును. దక్షాధ్వర ధ్వంసము అందరికి కంఠస్థమైన కథయే. పిల్లలకును దాని ముగింపు తెలియును. అయినను ఖడ్గము చదువునపుడు ఆవరణ నిశ్శబ్దమగును. తెలిసిన కథ భయపెట్టలేదనువారికి ఇంతకంటె ప్రత్యక్షమైన సమాధానము కనబడదు.

శ్రీనాథుని ఉదాహరణము ఈ సందర్భమున స్మరింపదగినది. భీమఖండము ఆతడు బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చిన కృతి. ద్రాక్షారామ మాహాత్మ్యము దాని వస్తువు. అందు వ్యాసుడు కాశిలో భిక్ష దొరకక కోపించి నగరమును శపింపబూనుట, అమ్మవారు అన్నము పెట్టుట, విశ్వేశ్వరుడు వ్యాసుని వెడలగొట్టుట వర్ణింపబడినవి. తరువాత వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండమున శ్రీనాథుడు ఆ కథనే మరల చెప్పవలసివచ్చినది. ఒక కవి తన కథను తానే పునర్నిర్మించెననవచ్చును. భీమఖండమున ఆ బహిష్కారము దక్షవాటికకు త్రోవ తీయును. కాశిని కోల్పోయిన దుఃఖము ద్రాక్షారామమున తీరును. కాశీఖండమున అదే బహిష్కారము కాశియొక్క దుర్లభత్వమును చాటును. సంఘటన యొకటే. దాని ప్రయోజనము వేరు. కథ యొకటైనను ప్రబంధములు శరీరధారుల వలె తమ తమ గుణములచే వేరు వేరుగ ప్రకాశించునని కుంతకుడు చెప్పినది ఇట్టిదానినే. రెండవమారు చెప్పుటకు క్రొత్త ప్రయోజనము ఉన్నదా లేదా యనునదే పునర్నిర్మాణమునకు మొదటి పరీక్ష.

4. తెర మీద భయము

దక్షయజ్ఞము తెలుగు తెరమీదికి రెండుమారులు వచ్చినది. 1941లో చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వమున వచ్చిన చిత్రమున వేమూరి గగ్గయ్య దక్షుడు. 1933 నాటి సతీసావిత్రిలో యముడుగ ప్రేక్షకులను వణికించిన నటుడాతడు. 1962లో కడారు నాగభూషణము తీసిన చిత్రమున నందమూరి తారక రామారావు శివుడు, ఎస్.వి. రంగారావు దక్షుడు, దేవిక సతి. ఇరువది యొక్క సంవత్సరముల వ్యవధిలో వచ్చిన ఈ రెండవ చిత్రమును ఏల తీసితిరని ఎవరును నిలదీసినట్లు కనబడదు. పురాణకథ ఎవరి సొత్తును కాదను భావము అందులకు కారణము. చిట్టి నాటకసమాజము మొదలు చిత్రనిర్మాత వరకు ఎవరైనను దానిని గైకొనవచ్చును.

కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్య 1934లో లవకుశను తీసి, తరువాత తన కుమారుడు సి.ఎస్. రావుతో కలిసి 1963లో దానినే రంగులలో మరల తీసెను. ఇది శ్రీనాథుడు చేసిన పనికి సమానమైనది. అదే పుల్లయ్య జెమిని సంస్థకై 1942లో తీసిన బాలనాగమ్మ మన విచారణకు కేంద్రము. తెలుగు తెరకు భయానకమును తెచ్చిన చిత్రములలో అది అగ్రగణ్యము. కాంచనమాల బాలనాగమ్మ. బందా కనకలింగేశ్వరరావు కార్యవర్థిరాజు. పుష్పవల్లి సంగు. మాయల మరాఠీగ నటించినవాడు గోవిందరాజుల సుబ్బారావు. 1938 నాటి మాలపిల్లలో సుందరరామశాస్త్రియు, 1955 నాటి కన్యాశుల్కమున లుబ్ధావధానులును ఆతడే. అయినను తెలుగువారికి ఆతడనగా మాయల మరాఠీయే.

ఈ బాలనాగమ్మయు మొదటి రూపము కాదు. జంగము కథగను, బుర్రకథగను, సురభి మొదలగు సమాజముల నాటకముగను ఆ కథ అంతకు ముందే ఊరూర తిరిగినది. జానపద గేయసాహిత్యముపై బిరుదురాజు రామరాజు పరిశోధన 1958లో గ్రంథముగ వెలువడిన పిదప ఇట్టి కథాగేయములకు విశ్వవిద్యాలయములలో స్థానము దొరకినది. 1942లోనే ఈ కథపై మరియొక చిత్రము వచ్చెను. జెమిని అధిపతి ఎస్.ఎస్. వాసన్ 1954లో దానిని ‘బహుత్ దిన్ హుయే’ యను పేర హిందీలో మధుబాలతో తీసెను. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున రామారావు, అంజలీదేవి, రంగారావులతో తెలుగున మరల వచ్చెను. కావున బాలనాగమ్మను మరల తీయవచ్చునా యను ప్రశ్నకు చరిత్ర ఎప్పుడో సమాధానము చెప్పినది. మిగిలిన ప్రశ్న ఎట్లు తీయవలెననునది మాత్రమే.

కథలో భయమునకు మూడు స్థానములు కలవు. మొదటిది గడప. మరాఠీ బిచ్చగాని వేషమున వాకిట నిలచును. భిక్ష పెట్టుట గృహిణి ధర్మము. ఆ ధర్మమే ఉచ్చగును. బాలనాగమ్మ కుక్కగ మార్చబడి నాగళ్ళపూడి గట్టునకు కొనిపోబడును. సీతాహరణపు నీడ ఈ ఘట్టముపై స్పష్టముగ కలదు. రెండవది గట్టు. వెదకివచ్చిన భర్తయు, అతని వారును రాళ్ళై పడియుందురు. బాలనాగమ్మ వ్రతము నెపముతో సంవత్సరముల తరబడి మరాఠీని దూరముగ నుంచును. ఇచ్చటి భయము గారడీల వలన కలుగునది కాదు. ప్రతిదినము అదే గదిలో, అదే శత్రువుతో, మాటనేర్పు ఒక్కటియే ఆయుధముగ గడపవలసిన స్త్రీ యొక్క భయము. మూడవది చిలుక. మరాఠీ ప్రాణము ఏడు సముద్రముల కావల ఒక చిలుకలో నున్నది. కుమారుడైన బాలవర్థిరాజు దానిని సాధించును. రష్యాదేశపు జానపద కథలలో కోష్చెయ్ అనువాని చావు గ్రుడ్డులోని సూదియందుండును. ప్రాణమును దేహమునకు వెలుపల దాచుకొనిన దుష్టుడు ప్రపంచమంతట తెలిసినవాడే.

వీనిలో గారడీల వలని భయము కాలముతో క్షీణించును. 1942లో పల్లెటూరి డేరాలలో, చీకటి దారులను నడచివచ్చి చూచిన ప్రేక్షకునకు మనిషి కుక్కగ మారుట ఎట్టి దిగ్భ్రమ కలిగించెనో నేటివానికి అట్లు కలిగించుట అసాధ్యము. ఎంత ధనము వెచ్చించినను యంత్రమాయ యంత్రమాయగనే కనబడును. గట్టుమీది నిరీక్షణము మాత్రము చెడలేదు. పునర్నిర్మాత గారడీని పెంచి నిరీక్షణమును తగ్గించినచో చచ్చినదానిని అలంకరించి బ్రతికియున్నదానిని చంపినవాడగును.

అన్యదేశములలోను ఇట్లే జరిగినది. హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ను గస్ వాన్ సాంట్ 1998లో దాదాపు ప్రతి దృశ్యమును అనుసరించి మరల తీసెను. రూపము వచ్చినది కాని భయము రాలేదని విమర్శకులు పెదవి విరిచిరి. మర్నావ్ 1922లో తీసిన ‘నొస్ఫెరాటు’ను హెర్జోగ్ 1979లోను, ఎగ్గర్స్ 2024లోను తమ తమ దృష్టితో తీసిరి. అవి నిలచినవి. అనుకరణమునకును పునఃసృష్టికిని గల భేదమును ఇంతకంటె స్పష్టముగ చూపుట కష్టము.

5. భయమునకు ఎవరి ముఖము?

ఇచ్చట ఇంతవరకు పునర్నిర్మాణవాదులు పట్టించుకొనని విషయమొకటి చెప్పవలసియున్నది. జనశ్రుతియందలి బాలనాగమ్మ కథలో దుష్టునకు రెండు పేర్లు వినబడును: మాయల మరాఠీ, మాయల ఫకీరు. రెండును పరాయివాని పేర్లే. ఒకటి పరభాషీయుడు, మరియొకటి పరమతస్థుడు. ఊరివారి భయమునకు ఊరు వెలుపలివాని ముఖము తొడిగినారు. దండయాత్రల జ్ఞాపకము ఇందు కొంత యుండవచ్చును. జ్ఞాపకము ఎట్టిదైనను, ఆ ముఖమును నేడు యథాతథముగ తెరకెక్కించుట నిర్దోషమైన పని కాదు. పాత చిత్రమును పాత చిత్రముగ చూచుట వేరు. దానిని ఎన్నుకొని మరల నిర్మించుట వేరు. ఎన్నుకొనినవాడు ఎన్నికకు బాధ్యుడు.

ఇది జానపద కథలకు పరిమితమైన దోషమనుకొనరాదు. 1993లో ఫాజిల్ మలయాళమున తీసిన ‘మణిచిత్రత్తాళ్’ దక్షిణదేశమున అత్యంతాదరము పొందిన భయానక చిత్రము. అది పి. వాసు చేతిలో 2004లో కన్నడమున ‘ఆప్తమిత్ర’గను, 2005లో తమిళమున ‘చంద్రముఖి’గను, ప్రియదర్శన్ చేతిలో 2007లో హిందీన ‘భూల్ భులయ్యా’గను మారినది. ఈ పరంపరలో భాషాశాస్త్ర విద్యార్థి గమనింపవలసిన విశేషము కలదు. కథానాయికను ఆవహించినట్లు కనబడు నర్తకి మలయాళ చిత్రమున తమిళము మాటాడును. కన్నడ తమిళ చిత్రములందు తెలుగు మాటాడును. హిందీలో వంగదేశపు నర్తకియగును. తమిళ చిత్రము తెలుగులోనికి అనువాదమైనపుడు, మూలమున తెలుగులోనున్న నృత్యగీతమును తమిళమునకు మార్చవలసివచ్చినది. ప్రతి భాషయు భయమునకు పొరుగుభాష నాలుకను అమర్చినదన్నమాట. మన తెలుగు పొరుగువారికి భయంకరముగ వినబడినది. పొరుగు తమిళము మనకు భయంకరముగ వినబడినది. ఒకే కథను పక్కపక్కన పెట్టి చూచినపుడు గాని ఈ రహస్యము బయటపడలేదు. పునర్నిర్మాణములు పరిశోధకునకు చేయు ఉపకారమిది. ఒక చిత్రమున సహజముగ తోచిన అంశము, నాలుగు చిత్రములను పోల్చినపుడు కేవల సంకేతమని తేలును.

ఆ కథకు న్యాయము చేయవలెనన్న మరియొకటి చెప్పవలెను. అందు దయ్యము లేదు. రోగగ్రస్తమైన మనస్సే కలదు. పరాయిదిగ కనబడినది ఆ ఇంటి కోడలి అంతరంగమునుండియే వచ్చినది. భయము ఆ విధముగ వెలుపలినుండి లోపలికి మరలినందువలననే కాబోలు అది ఇన్ని భాషలలో నిలువగలిగినది.

ఇప్పుడు దక్షయజ్ఞముతో పోల్చిన భేదము స్పష్టమగును. బాలనాగమ్మయందు దోషి వాకిటికి వచ్చిన పరాయివాడు. దక్షయజ్ఞమున దోషి గృహయజమాని. పిలువని పుట్టింటికి వచ్చినది కూతురు. అవమానించినవాడు తండ్రి. చూచుచు ఊరకుండినవారు బంధువులు. వెలుపలినుండి వచ్చిన వీరభద్రుడు ఆ ఇంటి అపరాధమునకు అద్దము పట్టినవాడు. రంగారావు 1951 నాటి పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడుగను, 1962 నాటి దక్షయజ్ఞమున దక్షుడుగను నటించెను. మాంత్రికుని చూచి ప్రేక్షకుడు వానినుండి పారిపోగోరును. దక్షుని చూచి, తన ఇంటిలో ఎవరికి పీట వేయక అవమానించితినాయని తలచుకొనును. ఈ రెండవ భయమునకు కాలదోషము పట్టదు. అల్లుని కులమో, వృత్తియో, పేదరికమో సాకుగ కూతురిని దూరము చేసుకొనిన తండ్రులు ఉన్నంతకాలము దక్షుని కథ క్రొత్తదియే.

6. ప్రత్యాక్షేపములు

మూలచిత్రము పరిపూర్ణమైనపుడు రెండవది ఏలయని కొందరందురు. గోవిందరాజుల సుబ్బారావును మరపించు మరాఠీ రాడనుట సత్యమే కావచ్చును. కాని రెండవ నటుని పని మొదటివానిని మరపించుట కాదు. 1959లో రంగారావు ఆ పాత్రను ధరించినందున సుబ్బారావు కీర్తి తరుగలేదు. ఆ రెండింటిని పోల్చుటకు అవకాశము కలిగి మొదటివాని విశిష్టత మరింత తెలిసినది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకపు తుది ఉద్ద్యోతమున, వెనుకటి అర్థములే రసపరిగ్రహముచే వసంతమున చెట్ల వలె క్రొత్తవిగ కనబడునని చెప్పెను. చిగురు క్రొత్తదైనను వేరు పాతదే. వేరు కొట్టి చిగురు పెంచుటకు వీలు లేదు.

ఈ వేరును గూర్చిన ఆందోళనమే రెండవ ఆక్షేపమున బలమైన అంశము. కావ్యమును మరల వ్రాసినచో మూలకావ్యము చెడదు. భీమఖండము కాశీఖండమునకు చోటిచ్చి తొలగిపోలేదు. ద్రాక్షారామమున ఒక రాజు శాసనము చెక్కించుటకు వెనుకటి రాజు శాసనమును చెరుపనక్కరలేకపోయినది. గోడపై ఖాళీస్థలము వెదకుకొని తన దానమును చేర్చెను. చలచ్చిత్రమునకు అట్టి భాగ్యము లేదు. తొలి దశాబ్దముల ఫిలిము నైట్రేటు పదార్థముతో చేయబడినది. అది త్వరగ అంటుకొనును. అంటుకొననిచో కుళ్ళి పొడియగును. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు సంపూర్ణ శబ్దచిత్రము భక్తప్రహ్లాద (1932) నేడు మనకు చూడ దొరకుట లేదు. పూనాలో జాతీయ చలచ్చిత్ర భాండాగారము స్థాపింపబడినది 1964లో. అప్పటికే తొలినాటి చిత్రములు పెక్కు నశించినవి. నొస్ఫెరాటు ప్రతులను గ్రంథహక్కుల వివాదమున ధ్వంసము చేయవలెనని 1925లో జర్మనీ న్యాయస్థానము ఆజ్ఞాపించెను. కొన్ని ప్రతులు మిగులుట చేతనే తరువాతివారికి పునర్నిర్మాణము సాధ్యమైనది. మూలము నశించినపుడు పునర్నిర్మాణము పోలికకు అందక, మూలస్థానమునే ఆక్రమించును. అప్పుడది పునర్నిర్మాణము కాదు, సమాధిపై కట్టిన మేడ.

7. సిద్ధాంతము

ఇంతవరకు చేసిన విచారమువలన తేలిన అంశములివి. ఉలికిపాటుపై నిలచిన భయానక చిత్రమును ఉన్నదున్నట్లు మరల తీయుట వ్యర్థము. దాని ఆయుష్షు మొదటి చూపుతో తీరినది. పరాయివాని ముఖముపై నిలచిన చిత్రమును తీయదలచినవాడు, ఆ ముఖమును ముందు పరీక్షించి, భయమునకు ఆశ్రయమును మార్చవలెను. బాలనాగమ్మయందు ఆ ఆశ్రయము గట్టుమీది స్త్రీ ధైర్యమున సిద్ధముగనే కలదు. మరాఠీ ఏ దేశమువాడైనను ఆ కథకు నష్టము లేదు. అపరాధముపై నిలచిన కథ ఎన్నిమారులు చెప్పినను చెల్లును. పైగా మురమళ్ళ కథవలె, భయము తరువాత ఏమియను ప్రశ్నకు సమాధానము వెదకినచో అది మూలమునకు అలంకారమగును. అన్నిటికంటె ముందు మూలప్రతిని రక్షింపవలెను. పునర్నిర్మాణమునకు పూనుకొను సంస్థ తాను వెచ్చించు ధనమున స్వల్పభాగమును మూలచిత్ర రక్షణమునకు కేటాయించుట ధర్మము.

పరిశోధక విద్యార్థులకు ఈ రంగమున చేయవలసిన పని చాల కలదు. బాలనాగమ్మ కథ యొక్క జంగము, బుర్రకథ, నాటక, చలచ్చిత్ర రూపములను వరుసగ పరిష్కరించి, దుష్టుని పేరు ఎచ్చట మరాఠీయో, ఎచ్చట ఫకీరో, ఆ మార్పు ఏ ప్రాంతమున ఏ కాలమున జరిగినదో నిర్ణయింపవలెను. గోదావరి మండలముల వీరభద్ర ఖడ్గములను పఠించు పెద్దల నోటినుండి వ్రాసికొనవలెను. పట్టిసము, మురమళ్ళ, ద్రాక్షారామముల స్థలపురాణములను ఒకే కథ యొక్క మూడు ఘట్టములుగ కలిపి చదువవలెను. దక్షుని తల తెగిన ఊరును, కత్తి కడిగిన రేవును, కోపము చల్లారిన పందిరియు ఒకే నదీతీరమున నుండుట ఈ దేశపు కథకుల ఓర్పునకు సాక్ష్యము. వారు భయమును ఒకేచోట ముగింపలేదు. అది శాంతించువరకు కథను నడిపించిరి. నేటి పునర్నిర్మాతకు వారినుండి గ్రహింపవలసినది అదియే.